సంజాయిషీ ఎవరివ్వాలి?

తెనాలిలో సబ్‌ట్రెజరీ అధికారిగా పదవీ విరమణ చేసిన మామయ్యకి ఇప్పటికీ నలుగురికీ అర్జీలు రాసిపెట్టడం వ్యాపకం. మేనల్లుడు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్. యూరప్‌లో చదువుకున్న తమ్ముడు పట్టా అందుకునే వేడుకకి తల్లిని తీసుకుని బయల్దేరాడు. గల్ఫ్‌లో ఒక విమానాశ్రయం దాకా వెళ్లి, అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేశాడు. విమాన సంస్థ మీద ఫిర్యాదు రాసుకుని దిద్దిపెట్టమని మామయ్య దగ్గరికి తెచ్చాడు. దాని మీద ఇద్దరికీ నడిచిన వాదన ఇది.

మామయ్య: మూడు పేజీలు రాశావు. పేజీకి రెండు ‘దారుణం’లు, ఒక ‘అమానుషం’. విమానం ఎన్నింటికి లేవాలి, ఎన్నింటికి లేచింది అన్న ముక్క మాత్రం రెండో పేజీ అడుగున పడింది. ఫిర్యాదు చదివేవాడికి ముందు కావాల్సింది అదే. కోపం కాసేపు పక్కన పెట్టి జరిగింది వరసగా చెప్పు.

అల్లుడు: హైదరాబాద్ నుంచి గల్ఫ్ దాకా మన దేశపు సంస్థ ఒకదాని టికెట్లు కొన్నాను. అక్కణ్ణుంచి యూరప్‌కి ఇంకో సంస్థ టికెట్లు. మధ్యలో నాలుగు గంటల వ్యవధి ఉంచాను. శంషాబాద్‌లో మొదటి విమానమే ఐదు గంటలకు పైగా ఆలస్యంగా లేచింది. మేం దిగేసరికి రెండోది వెళ్లిపోయింది. వాళ్ల లెక్కలో మేం రాని ప్రయాణికులం, కాబట్టి తిరుగు టికెట్లు కూడా రద్దు. ఏదైనా హోటల్లో పడుకుని మర్నాడు చూసుకుందామంటే బయట అడుగు పెట్టడానికి ఆ దేశపు వీసా లేదు. అమ్మని కుర్చీల మీద పడుకోబెట్టి రాత్రంతా కౌంటర్ల చుట్టూ తిరిగాను. పొద్దున్నే ఆవిడ ‘ఇక నా వల్ల కాదురా, ఇంటికి పోదాం’ అంది. తమ్ముడు పట్టా తీసుకోవడం ఇంట్లో కూర్చుని ఫోన్లో చూశాం.

మామయ్య: అక్కయ్య అంత దూరం వెళ్లి కొడుకుని చూడకుండా తిరిగి రావడం నాకూ కష్టంగానే ఉంది. కానీ నువ్వు ఓదార్పు కోసం రాలేదు, ఫిర్యాదు దిద్దమని వచ్చావు. అందుకని అవతలి వకీలు అడిగేదే నేనూ అడుగుతాను. ఒకే టికెట్ తీసుకోకుండా రెండు ఎందుకు తీసుకున్నావు? హైదరాబాద్ నుంచి యూరప్ దాకా ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు తర్వాతి విమానం ఎక్కించే పూచీ వాళ్లది. రెండు టికెట్లంటే రెండు ఒప్పందాలు. మొదటివాడు ‘గల్ఫ్‌లో దింపుతానన్నాను, దింపాను’ అంటాడు. రెండోవాడు ‘నా విమానం వేళకే వెళ్లింది’ అంటాడు. కాగితం ప్రకారం ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అల్లుడు: కాగితం ప్రకారం నిజమే. కానీ ఆ రెండు టికెట్లు నాకు సరదా పుట్టి కొన్నవి కావు. వీసా చేతికొచ్చేసరికి ప్రయాణానికి గట్టిగా వారం లేదు. అప్పటికి ఒకే టికెట్ ధర మా తాహతు దాటిపోయింది. ముందే కొనుక్కోవాల్సిందంటారేమో. వీసా వస్తుందో రాదో తెలియకుండా, డబ్బు తిరిగిరాని టికెట్ ఎవరు కొంటారు? టికెట్ బుకింగ్ చూపించందే వీసా దరఖాస్తు ముందుకు కదలదు. వీసా రాందే టికెట్ కొనడం తెలివైన పని కాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.

మామయ్య: సామెత బాగుంది గానీ యూరప్ దేశాల ఉమ్మడి వీసా, షెంగెన్ నిబంధనకి అంత పిచ్చేం లేదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. 15 రోజుల ముందు దాకా తీసుకుంటారు. డబ్బు కట్టేసిన టికెట్ చూపించక్కర్లేదు, రిజర్వేషన్ కాగితం చాలు. నువ్వెప్పుడు పెట్టావు?

అల్లుడు: పట్టాల తేదీ విశ్వవిద్యాలయం ప్రకటించిన వెంటనే మొదలుపెట్టాను. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టింది. దరఖాస్తు తీసుకున్నాక నిర్ణయానికి 15 రోజులు. అవసరమనుకుంటే దాన్ని 45 రోజుల దాకా పొడిగించుకోవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. వాళ్ల గడువు మూడింతలు సాగుతుంది, నా తేదీ మాత్రం సాగదు. రుసుము పెద్దవాళ్లకు తలకి 90 యూరోలు. 2024 జూన్‌లో 80 నుంచి పెంచారు. వీసా ఇవ్వకపోయినా అది వెనక్కి రాదు, ప్రయాణం అయిపోయాక ఇచ్చినా రాదు. మీ ట్రెజరీలో బిల్లు పాస్ చేయకుండా రుసుము మాత్రం ఉంచేసుకుంటే ఊరుకునేవాళ్లా?

మామయ్య: ఆ రుసుము వీసా ఖరీదు కాదు నాయనా, దరఖాస్తు పరిశీలించినందుకు తీసుకునేది. పరిశీలన జరిగిందిగా. పైగా అక్కయ్య దరఖాస్తు ఒకసారి కౌంటర్లోనే వెనక్కి వచ్చిందని నువ్వే చెప్పావు. ఎందుకు?

అల్లుడు: పేరు తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, మొత్తం పేరు ఒకే గడిలో పడింది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం. బ్యాంకు పుస్తకంలో పూర్తిగా ఉంది గానీ స్పెల్లింగ్ వేరు. మూడూ ఒకే మనిషివని అఫిడవిట్ ఇచ్చి మళ్లీ వరసలో నిలబడ్డాం.

మామయ్య: ఇందులో విదేశీ కార్యాలయం తప్పేముంది? మనవాళ్లకి ఇంటిపేరు ముందుంటుంది. స్కూల్లో మాస్టారు దాన్ని పొడి అక్షరం చేస్తారు. పాస్‌పోర్టు పెట్టినప్పుడు ఎవరో ఏజెంటు నింపేస్తాడు. ఆ గడి ఖాళీ అయితే అమెరికా వీసా మీద అసలు పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’, అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పాస్‌పోర్టులో ఒకటే పేరున్న సందర్శకులను రానివ్వబోమంది. రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత సడలించింది. ఇవన్నీ తెలిసీ, ప్రయాణం నెత్తిమీదికి వచ్చేదాకా అమ్మ పాస్‌పోర్టు ఎవరూ తెరిచి చూడలేదు. అది మన బద్ధకం.

అల్లుడు: బద్ధకానికి శిక్ష పడాల్సిందే, ఒప్పుకుంటాను. నేను అడిగేది, శిక్ష ఎప్పుడూ ఒకవైపే ఎందుకు పడుతుందని. శంషాబాద్ కౌంటర్లో మా కాగితాలు ఎంతసేపు చూశారో తెలుసా? వీసా, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, బీమా, తమ్ముడి ఆహ్వాన పత్రం, అఫిడవిట్. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో ఏదో చూస్తుంది, పై అధికారికి ఫోన్ చేస్తుంది, మళ్లీ చూస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చి బోర్డింగ్ పాస్ ఇచ్చింది. లోపలికి వెళ్లి కూర్చున్నాక తెలిసింది, లేనిది విమానమేనని.

మామయ్య: ఆ అమ్మాయి చూసేది టిమాటిక్ అని, ఏ దేశానికి ఏ పాస్‌పోర్టుకి ఏ కాగితం కావాలో చెప్పే జాబితా. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నడుపుతుంది. ఆమెకి నీ మీద పగేం లేదు. సరైన కాగితాలు లేని మనిషిని యూరప్‌లో దింపితే సంస్థకి జరిమానా పడుతుంది. 2001 నాటి యూరోపియన్ ఆదేశం దేశాల ముందుంచిన పద్ధతుల్లో ఒకటి మనిషికి కనీసం 3,000 యూరోలు. బ్రిటన్‌లో 2,000 పౌండ్లు. పైగా ఆ మనిషిని వెనక్కి తీసుకొచ్చే ఖర్చూ వాళ్లదే. నువ్వైనా అలాగే చూస్తావు.

అల్లుడు: నా కాగితం తప్పయితే విమాన సంస్థకి కూడా జరిమానా ఉంది. ఆ భయంతో అది నన్ను వేయి కళ్లతో చూస్తుంది. దాని విమానం ఆలస్యమైతే ఎవరి భయం ఉంది? మీరే చూడండి. దేశాలు తమ సరిహద్దు కాపలాని విమాన కంపెనీల చేతికి ఇచ్చాయి. ప్రయాణికుడి కాపలా ఎవరి చేతికీ ఇవ్వలేదు.

మామయ్య: కాగితాన్ని అంత తేలిక చేయకు. కాగితం లేని రోజులు ఎలా ఉండేవో నీకు తెలియదు. 1967 దాకా పాస్‌పోర్టు ఇవ్వడమూ ఇవ్వకపోవడమూ ప్రభుత్వం ఇష్టం, దానికంటూ చట్టం లేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు, విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా కాదనే అధికారం మీకు లేదంది. జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఇంకో మెట్టు ఎక్కింది. పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుంటే కారణం చెప్పాలి, ఆ మనిషి వాదన వినాలి అంది. నువ్వు చిరాకుపడుతున్న ఈ ఫారాలూ గడులూ ఆ హక్కుకి తొడుగు. ఇవి లేకపోతే ఆఫీసరు మొహం చూసి నిర్ణయిస్తాడు.

అల్లుడు: అది మన దేశం మన పౌరుడికి ఇచ్చే పాస్‌పోర్టు సంగతి. వీసా దగ్గర మనకే హక్కూ లేదు.

మామయ్య: అక్కడా ఉంది. షెంగెన్ వీసా తిరస్కరిస్తే కారణం గుర్తుపెట్టిన ఫారం చేతికివ్వాలి. అప్పీలు చేసుకునే హక్కు ఉంది. మనవాళ్లకి 2024 ఏప్రిల్‌లో ఇంకో వెసులుబాటు ఇచ్చారు. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని నిబంధన తప్పకుండా వాడుకుంటే, తర్వాత రెండేళ్లపాటు ఎన్నిసార్లైనా వెళ్లే వీసా. ఆ తర్వాత ఐదేళ్లది. కాగితం సక్రమంగా వాడినవాడికి కాగితమే దారి తేలిక చేస్తుంది.

ఇంకో మాట. నువ్వు కాలేజీ లెక్చరర్‌వి, కోపంగా మూడు పేజీలు రాయగలవు. కడప నుంచి, కోనసీమ నుంచి కువైట్‌లో ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్ల సంగతి ఆలోచించు. జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి దుబాయ్‌లో కూలికి వెళ్లేవాళ్ల సంగతి ఆలోచించు. 1983 వలస చట్టం పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ గుర్తు ఎందుకు పెట్టించింది? గల్ఫ్ సహా 18 దేశాలకి పనికి వెళ్లేముందు ఒప్పందం చూసి, జీతం చూసి, వలసల సంరక్షణాధికారి అనుమతి ఇవ్వాలని. ఈ తిరుగుడంతా ఎందుకని ఏజెంటు మాట విని విజిట్ వీసా మీద వెళ్లినవాడికి అక్కడ ఏ ఒప్పందమూ ఉండదు, ఏ ఆఫీసులో చెప్పుకున్నా దిక్కుండదు. వాడికి ఆ కాగితమే ప్రాణం.

అల్లుడు: అక్కడే నా మాట కూడా ఉంది మామయ్యా. సక్రమంగా వెళ్లిన మనిషి పాస్‌పోర్టు దిగిన మర్నాడే యజమాని బీరువాలోకి పోయిన కథలు ఆ ఊళ్లలో ఇంటికొకటి వినిపిస్తాయి. కాగితం ఉంది, మనిషి చేతిలో లేదు. కాగితం ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరిని కట్టేస్తోంది అన్నది మిగతా సగం.

బీమా సంగతే చూడండి. వీసా కోసం 30,000 యూరోల బీమా తప్పనిసరి అన్నారు, తీసుకున్నాను. విమానం తప్పిపోయాక పాలసీ తెరిచి చూశాను. వీసా నిబంధన కోరే రక్షణ అక్కడ ఆసుపత్రి పాలైతే, చనిపోతే, వెనక్కి తరలించాల్సి వస్తే అయ్యే ఖర్చుకి. అంటే నా వల్ల వాళ్ల ఆసుపత్రికి బాకీ పడకుండా చూసుకున్నారు. ఆలస్యం గురించి అందులో ఒక్క ముక్క లేదు. వీసా పక్కా, బీమా పక్కా, విమానం మాత్రం లేదు.

మామయ్య: ఆలస్యానికి వేరే పాలసీ అమ్ముతారు, నువ్వు చవకది కొన్నావు. అది సరే, రాత్రి కౌంటర్ల చుట్టూ తిరిగానన్నావు. వేరే దారే దొరకలేదా?

అల్లుడు: దొరికింది. లండన్ మీదుగా ఒక టికెట్ ఉంది. ఖరీదు ఎక్కువైనా అప్పు చేసైనా కొందామనుకున్నాను. కానీ లండన్‌లో విమానాశ్రయం దాటకుండా విమానం మారడానికి కూడా భారతీయులకు వీసా కావాలి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాల వీసా ఉంటే మినహాయింపు. షెంగెన్ సందర్శక వీసా ఉంటే చాలదు. అదే వేళకి మా పక్కన కూర్చున్న జపాన్ దంపతులకు కూడా విమానం తప్పింది. వాళ్లు పాస్‌పోర్టు చూపించి హోటలుకు వెళ్లి పడుకున్నారు. ఆలస్యం అందరికీ ఒకటే అనుకుంటాం. కాదు. వాళ్ల పాస్‌పోర్టుకి ఒక రాత్రి నిద్ర పోతుంది, మన పాస్‌పోర్టుకి ప్రయాణమే పోతుంది. విమానం ఆలస్యమైన ఆ ఐదు గంటలు నా కాగితాలన్నిటినీ చెల్లకుండా చేశాయి. మీరేమో కాగితం వేరు, ఆలస్యం వేరు అని విడదీస్తున్నారు.

మామయ్య: ఇది నువ్వు ఫిర్యాదులో రాయాల్సిన మాట. రాయలేదు. కానీ ఆలస్యానికి కారణం ఏమిటో చూడకుండా సంస్థని తిట్టడం కూడా న్యాయం కాదు. 2024 ఏప్రిల్‌లో దుబాయ్‌లో ఒక్క రోజులో ఎన్నడూ లేనంత వాన పడి విమానాశ్రయం నీట మునిగింది. వెయ్యికి పైగా విమానాలు ఆగిపోయాయి. ఎవరిని అడుగుతావు? 2025 మార్చిలో విద్యుత్ సబ్‌స్టేషన్‌లో మంటలు రేగి హీత్రూ దాదాపు రోజంతా మూతపడింది. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు వేసిన రాత్రి ఖతార్ గగనతలమే మూసేశారు. 2024 జూలై 19న ఎక్కడో ఒక సాఫ్ట్‌వేర్ మార్పు వికటించి ప్రపంచమంతా కంప్యూటర్లు నిలిచిపోతే, మన హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు పని జరిపించింది నువ్వు తిట్టే కాగితమే. ఇక యంత్రంలో లోపం ఉందని విమానం ఆపితే దండం పెట్టుకోవాలి. తొందరపడి లేపడం కంటే ఐదు గంటలు ఆపడం మేలు.

అల్లుడు: వానకీ యుద్ధానికీ నేనెవరినీ అడగను. లోపం ఉంటే ఆపమనే అంటాను. మా విమానం ఎందుకు ఆగిందో ఎవరైనా చెబితే కదా, దండం పెట్టాలో తిట్టాలో తేల్చుకునేది! మొదట ‘కార్యనిర్వహణ కారణాలు’ అన్నారు. తర్వాత ‘అటునుంచి రావాల్సిన విమానం ఆలస్యం’ అన్నారు. చివరికి ‘సాంకేతిక కారణం’ అన్నారు. మూడు నోళ్లు, మూడు కారణాలు, ఒక్కటీ రాతలో లేదు.

మీరు భద్రత అన్నారు కాబట్టి ఇదీ వినండి. పైలట్లకు విశ్రాంతి పెంచుతూ మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధనలు ప్రకటించింది. రెండు విడతలుగా 2025 జూలై నుంచి, నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. దేశంలోకెల్లా పెద్ద విమాన సంస్థ అంత వ్యవధి ఉన్నా సిద్ధపడలేదు. డిసెంబరు మొదటి వారంలో వేల విమానాలు రద్దయ్యాయి. అప్పుడేం చేశారు? ఆ సంస్థకి ఆ నిబంధనల నుంచి కొన్నాళ్లు మినహాయింపు ఇచ్చారు. దాదాపు రెండేళ్ల ముందు తెలిసిన నిబంధనకి సిద్ధపడని కంపెనీకి గడువు పొడిగింపు దొరికింది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న మా అమ్మకి ఒక్క గంట దొరకలేదు.

మామయ్య: దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను కూర్చున్న సీట్లో అలాంటి మినహాయింపు ఇస్తే ఆడిట్ వాళ్లు నన్ను వదిలేవాళ్లు కాదు.

అల్లుడు: ఆలస్యానికి ధర కట్టడం సాధ్యం కాదా అంటే, కట్టినవాళ్లు ఉన్నారు. యూరప్‌లో 2004 నాటి 261వ నిబంధన ఉంది. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో విమానం రద్దయితే మనిషికి 600 యూరోలు. మూడు గంటలు, ఆపైన ఆలస్యంగా చేరినా అదే వర్తిస్తుందని 2009లో వాళ్ల కోర్టు చెప్పింది. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకి ఆకాశం మూసేసినప్పుడు పరిహారం అక్కర్లేకపోయినా, తిండీ బసా చూడాల్సిందేనని అదే కోర్టు 2013లో తేల్చింది. యూరప్ నుంచి బయల్దేరితే ఏ సంస్థ అయినా దీనికి లోబడాలి. హైదరాబాద్ నుంచి వెళ్తే యూరప్ సంస్థ అయితేనే. అదే మనిషి, అదే దారి. వచ్చేటప్పుడు అతని సమయానికి ఖరీదుంది, వెళ్లేటప్పుడు లేదు.

మామయ్య: ఆ 600 యూరోలు ఎక్కణ్ణుంచి వస్తాయనుకున్నావు? చివరికి టికెట్ ధరలో కలుస్తాయి. చవక టికెట్ కోసం రెండు ముక్కలు చేసుకున్నవాడివి నువ్వే, ఖరీదైన రక్షణ కావాలంటున్నదీ నువ్వే. పైగా మన దగ్గర ఏమీ లేదనడం కూడా సరికాదు. డీజీసీఏ నిబంధనల్లో, నీ ప్రయాణం లాంటి నాలుగు గంటల విమానం మూడు గంటలు ఆలస్యమైతే తిండీ పానీయాలూ ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య లేవాల్సిన విమానం ఆరు గంటలు దాటి ఆలస్యమైతే బస ఇవ్వాలి. రద్దు చేసినా, టికెట్ ఉన్నవాణ్ణి ఎక్కించుకోకపోయినా రూపాయల్లో పరిహారం ఉంది.

అల్లుడు: ఆలస్యానికి రూపాయల్లో ఏముంది?

మామయ్య: ఆ నిబంధనల్లో లేదు.

అల్లుడు: మా ఆలస్యం ఆరు గంటలు దాటకుండా ఆగింది. ఒక సమోసా, ఒక నీళ్ల సీసా ఇచ్చారు. నిబంధన ప్రకారం వాళ్ల రుణం తీరిపోయింది.

మామయ్య: నిబంధన ఒక్కటే అయితే తీరిపోయినట్టే. దానిపైన ఒప్పందం ఉంది. 1999 మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. గల్ఫ్ దేశాలూ ఉన్నాయి. దాని 19వ అధికరణం ప్రకారం ఆలస్యం వల్ల ప్రయాణికుడికి జరిగిన నష్టానికి సంస్థే బాధ్యురాలు. 2024 డిసెంబరు 28 నుంచి గరిష్ఠ పరిమితి 6,303 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క యూనిట్లు), మన లెక్కలో ఏడు లక్షల రూపాయల పైమాటే. అంత ఇస్తారని కాదు, నీకు అయిన నష్టం రుజువు చేసుకున్న మేరకు. తప్పించుకోవాలంటే, తీసుకోదగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని సంస్థ చూపించాలి. దావాకి గడువు రెండేళ్లు.

అల్లుడు: అదే, చివరికి ‘రెండో టికెట్ మాది కాదు’ అంటారు.

మామయ్య: అంటారు. నేనూ మొదట అదే అన్నాను. దానికి జవాబు 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక కుటుంబం జమ్మూ దాకా రైల్లో వెళ్లి, అక్కణ్ణుంచి శ్రీనగర్‌కి విమానం ఎక్కాలి. రైలు నాలుగు గంటలు ఆలస్యమై విమానం తప్పిపోయింది. రైలు టికెట్ వేరు, విమానం టికెట్ వేరు. అచ్చంగా నీ కేసే. వాయవ్య రైల్వే ‘ఆలస్యానికి మా బాధ్యత లేదని నిబంధనల్లో ఉంది’ అంది. ఆలస్యం ఎందుకైందో చెప్పి, అది తమ చేతిలో లేదని రుజువు చేయాల్సింది మీరే, చేయలేదు కాబట్టి కట్టండి అంది కోర్టు. టాక్సీకి అయిన 15 వేలతో సహా పరిహారం ఖాయం చేసింది. మొత్తం చిన్నదే. కానీ సంజాయిషీ ప్రయాణికుడు ఇవ్వక్కర్లేదు, వాహనం నడిపినవాడు ఇవ్వాలి అని తేలింది.

అల్లుడు: అంటే ఇంతసేపూ మీరు కాగితం, కాగితం అంటున్నది...

మామయ్య: రెండు వైపులా ఉండాలనే. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ బిల్లు ఆపితే ఎందుకు ఆపానో ఆ బిల్లు మీదే రాసి వెనక్కి పంపాలి. నోటితో ‘కుదరదు’ అంటే కుదరదు. పాస్‌పోర్టు ఆపితే ప్రభుత్వం కారణం రాయాలి. వీసా ఆపితే పరాయి దేశం కారణం రాస్తోంది. విమానం ఆపినవాడు మాత్రం మైకులో చెప్పి ఊరుకుంటున్నాడు. ఈ ఒక్క చోట నీ కోపం న్యాయమైనదే.

అల్లుడు: మరి నాతో ఒప్పుకున్నట్టేనా?

మామయ్య: సగం. రెండు టికెట్లు కొనడం, పట్టాల ముందు రోజుకి దిగేలా ప్రయాణం పెట్టుకోవడం నీ పొరపాటే. అవతలి వకీలు అది ఎత్తకుండా ఉండడు. ఆలస్యానికి రేటు కట్టిన చట్టం కావాలన్న నీ మాట మీద కూడా నాకు అనుమానమే. రేటు కట్టేస్తే అది పడేసి కారణం చెప్పకుండా తప్పించుకుంటారు. నాకు ముందు కారణం కావాలి.

అల్లుడు: నాకు రెండూ కావాలి. ఖరీదు లేని కారణం వల్ల వాళ్లు మారరు. రద్దుకి రూపాయలు కట్టిన డీజీసీఏ, ఆలస్యానికి కట్టలేకపోవడానికి కారణం నాకైతే కనిపించడం లేదు. ఇక్కడ మనిద్దరికీ కలవదు.

మామయ్య: కలవక్కర్లేదు, ఫిర్యాదు మాత్రం ఒక్క పేజీ చేద్దాం. లేవాల్సిన సమయం, లేచిన సమయం. నోటితో చెప్పిన మూడు కారణాలు, మూడు వరసల్లో. ఆ ఆలస్యం వల్ల పనికిరాకుండా పోయిన టికెట్లు, వీసా, వాటి రసీదులు. లండన్ దారి ఎందుకు మూసుకుపోయిందో ఒక వాక్యం. ఆలస్యానికి లిఖితపూర్వక కారణం ఇవ్వాలని అభ్యర్థన. తర్వాత పరిహారం. ముందు సంస్థకి పంపు, ఆపైన ప్రభుత్వ ఎయిర్‌సేవ పోర్టల్‌లో పెట్టు. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం నువ్వు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. గడువు అక్కడా రెండేళ్లే. ‘దారుణం’లన్నీ కొట్టేస్తున్నాను.

అల్లుడు: ఒక్కటి ఉంచండి.

మామయ్య: ఒక్కటీ ఉంచను. దాని బదులు నీ విద్యార్థులకీ, విదేశాలకు బయల్దేరే మనవాళ్లందరికీ ఒక మాట చెప్పు. అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఇవాళే తెరిచి పేరూ గడువూ చూసుకోండి. పెద్దవాళ్లతో వెళ్తే దారి పొడవునా ఒకే టికెట్ తీసుకోండి, ముఖ్యమైన రోజుకి రెండు రోజుల ముందే చేరండి. విమానం ఆలస్యమైతే కౌంటర్ వదిలే ముందు సమయమూ కారణమూ రాసి ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే, అడిగితే ఇవ్వలేదని అక్కడి నుంచే ఆ సంస్థకి మెయిల్ పంపండి. మన కాగితాలు వాళ్లు అడిగినట్టే, వాళ్ల కాగితం మనమూ అడగాలి.